గట్టు బీడుకి పట్టిన పురుగు

మాది బ్లఫ్. భూమికి దక్షిణపు కొసన, సముద్రపు ఒడ్డు. ఆల్చిప్పను కత్తితో విప్పి, ఉప్పూ కారం ఏమీ లేకుండా అలాగే గుటుక్కున మింగే ఊరు. నాన్న పడవ మీదికి వెళ్లేవాడు, అమ్మ షెడ్డులో ఆల్చిప్పలు విప్పేది, బడి లేని రోజున నేను అమ్మ పక్కన నిలబడేదాన్ని. చేపల పేగులు, ఆల్చిప్పల జిగురు మోచేతుల దాకా పూసుకుని పెరిగాను. అందుకని రోత అనేది నా జోలికి రాదనుకునేదాన్ని. డూగల్‌ని చేసుకుని వైకాకా కొండల్లో గొర్రెల ఫారానికి కాపరానికి వచ్చాకే అదేమిటో తెలిసింది.

మొదట రెక్కల పురుగులు. నవంబరు దాటాక, మా దక్షిణపు ఎండాకాలంలో, ఉక్కపోసిన సాయంత్రాల్లో వంటింటి దీపం వేస్తే చాలు, కిటికీ అద్దానికి టపటపా కొట్టుకునేవి. బొద్దుగా, మట్టిరంగులో, పొట్ట నిండా గుడ్లతో. అద్దం మీద జిడ్డు మరక మిగిలేది. పిల్లి కడుపునిండా తిని, వచ్చి నా చాప మీద కక్కేది. అవి పచ్చికలో రాల్చిన గుడ్లు పిల్లలై, మట్టిలో సన్నటి బొరియలు చేసుకుని దిగిపోతాయి. చీకటి పడ్డాక పైకొచ్చి గడ్డిని మొదట్లో కొరికి, పరకలు పరకలుగా లోపలికి లాక్కుని తింటాయి. పోరీనా అంటారు మా దగ్గర. చలికాలం నాటికి వేలంత అవుతుంది. వెంట్రుక లేని ఒళ్లు, ఎండిన చీములాంటి రంగు, గోధుమరంగు తలకాయ. పట్టుకుంటే లోపల తిన్నదంతా అటూ ఇటూ కదలడం తెలుస్తుంది. మొదటిసారి పార తిప్పి చూసినప్పుడు నేను మూడు రోజులు సేమియా పాయసం ముట్టలేదు.

మా మామగారు బతికున్నంత కాలం గట్టు బీడు జోలికి నాగలి పోలేదు. ఆ బీడు ఇంటి పైనున్న కొండ భుజమంతా పరుచుకుని ఉంటుంది. ముతక గడ్డి, గుబుర్లు గుబుర్లుగా పెరిగేది. చూడ్డానికి అందం లేదు. కానీ పోరీనా ఊళ్లో అందరి బీళ్లూ నాకేసిన ఏడు కూడా దానికేమీ కాలేదు. మామగారు పోయిన మరుసటి ఏడు డూగల్ దాన్ని దున్నించేశాడు.

"దున్నకురా," అంది వాళ్లక్క హెస్టర్. పెళ్లి చేసుకోలేదు ఆవిడ. రోడ్డు పక్కనున్న చిన్న ఇంట్లో ఉంటుంది, ఫారంలో సగం వాటా ఆవిడదే. "దాన్ని నాన్న ఊరికే వదిలేశాడనుకుంటున్నావా?"

"నాన్నకి బద్ధకం, అక్కా."

"నాన్నకా బద్ధకం? పొద్దున్నే నిన్ను లేపడానికి నీళ్లు చల్లేవాడు నీ మొహాన!"

డూగల్ వినలేదు. కొత్త గడ్డి చల్లాడు. రెండేళ్లు కన్నుల పండుగే అనుకోండి. పోయే వచ్చేవాళ్లు కార్లాపి మరీ ఫొటోలు తీసుకునేవారు. మూడో ఏడు రెక్కల పురుగులు ఆ కొండ మీదికే వెళ్లాయి. పురుగు చిన్నగా ఉన్నప్పుడు, ఎండాకాలం పోకముందే మందు కొట్టాలి. పెద్దదయ్యాక కొడితే ఆ మందు దానికి అంటదు. హెస్టర్ రెండుసార్లు గుర్తు చేసింది. "ఏటా ఏం కాలేదు, ఇప్పుడేం ముంచుకొస్తుంది?" అని మా ఆయన పడవేసుకుని సాల్మన్ చేపలకు పోయాడు.

మార్చిలో రొడెల్, మారిసెల్ వచ్చారు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన జంట. పక్క లోయలో పెద్ద పాలఫారంలో పనిచేస్తారు. దూడలకి పోతపాలు పట్టే పనిలో చేరి, ఆడదూడల్ని ఒక్కొక్కటిగా కొనుక్కుని, పెంచి, సొంత మంద ఒకటి చేసుకుంటున్నారు. ఆ చూడి పెయ్యలే వాళ్ల ఆస్తి. చలికాలం వాటికి మేత కావాలి. మా దగ్గర జూన్ ఒకటో తారీఖున పశువులన్నీ ఒక బీడు నుంచి ఇంకో బీడుకి మారతాయి. ఆలోపు చోటు మాట్లాడుకోకపోతే రోడ్డున పడ్డట్టే.

డూగల్ అప్పటికే ఒకసారి వాళ్లింటికి భోజనానికి వెళ్లొచ్చాడు. ఇప్పుడు వాళ్లను గట్టు బీడు మీదికి తీసుకెళ్లి చూపించాడు. పైకి ఇంకా పచ్చగానే ఉంది. తిరిగొచ్చి నా వంటింట్లో టీ తాగారు.

"జూన్‌కి మోకాలి దాకా వస్తుంది," అన్నాడు డూగల్, చేత్తో చూపిస్తూ. "మీ పెయ్యలు కనపడవు అందులో."

"నిజంగా?" అని మారిసెల్ నవ్వింది. రొడెల్ రెండు చేతులతో మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. అలా మాట అయిపోయింది.

ఆ మధ్యాహ్నమే హెస్టర్ నన్ను పిలిచింది. "రోనా, బూట్లు వేసుకుని రా. ఒకటి చూపిస్తా."

గట్టు బీడు పై కొసకి తీసుకెళ్లింది. డూగల్ వాళ్లను తిప్పిన దారికి అది బాగా ఎడంగా ఉంది. అక్కడ పచ్చికను చదరంగా కోసి, ఎత్తి, మళ్లీ మూతలా కప్పి మడమతో తొక్కిన గుర్తులు. ఒకటి కాదు, అక్కడక్కడా. మట్టి ఇంకా తడిగానే ఉంది. హెస్టర్ వంగి ఒక మూత లేపింది. కింద కదులుతోంది. మట్టి కదులుతోందనుకున్నాను ముందు. మట్టి కాదు. ఒకదాని మీద ఒకటి, ఒకదాని పొట్ట కింద ఒకటి దూరుతూ, వెలుతురు తగిలి మెలికలు తిరుగుతూ పురుగులు. హెస్టర్ ఒకదాన్ని ఉత్తి వేళ్లతో తీసి, కళ్ల దగ్గర పెట్టుకుని చూసి, చిటికెలో నలిపేసింది. ఆకుపచ్చ గుజ్జు గోరు మీదికి వచ్చింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"పొద్దున వాడి పార తడిగా ఉంది షెడ్డులో," అంది హెస్టర్, వేళ్లు గడ్డికి తుడుచుకుంటూ. "ఆ పిల్లలు రాకముందే వీడు వచ్చి చూసుకున్నాడు."

రాత్రి దాకా ఆగలేదు నేను. అప్పుడే ఇంటికొచ్చి అడిగాను. డూగల్ బల్ల దగ్గర కూర్చుని రొట్టెకి వెన్న రాస్తున్నాడు.

"గట్టు బీడులో పురుగుంది. తెలుసా నీకు?"

"ఏ బీడులో లేదు పురుగు?"

"ఇంతలా ఉందని తెలుసా?"

"తెలుసు."

"మరి ఆ అబ్బాయికి చెప్పావా?"

"వాడు అడిగాడా?"

ఎంత మామూలుగా అన్నాడో. ఉప్పు అందుకో అన్నట్టు.

"జూన్ నాటికి అక్కడ బురద తప్ప గడ్డిపరక ఉండదు, డూగల్."

"ఉండదు. అప్పటికి పెయ్యలు మన దొడ్లో ఉంటాయి. జూన్‌లో వాడికి ఇంకో బీడు ఎవడిస్తాడు? మనకి అద్దె కడుతూనే మేత కొనుక్కొచ్చి వేసుకుంటాడు. వేసుకోక ఏం చేస్తాడు, మాడ్చి చంపుతాడా?" అని నవ్వాడు. కింది పెదవి మీద వెన్న ఉంది. ఆ వెన్న, ఆ నములుతున్న నోరు, లోపల రొట్టె అటూ ఇటూ దొర్లడం, నేను చూడలేకపోయాను. గట్టు మీద పురుగుల్ని చూసి పుట్టిన రోతే మళ్లీ పుట్టింది. ఇంకాస్త గట్టిగా. పదహారేళ్లు ఆ నోటికి వండి పెట్టాను. ఆ నోటిని ముద్దు పెట్టుకున్నాను. వెళ్లి సింకు దగ్గర నీళ్లు పుక్కిలించి ఉమ్మేశాను.

మరునాడు అతను గొర్రెల డెక్కలు కత్తిరించే పనిలో ఉండగా ఒక బకెట్టూ పారా తీసుకుని గట్టెక్కాను. చోటు వెతక్కుండా, వాళ్లకు చూపించిన దారి పక్కనే, ఒక పెల్ల తవ్వి, గడ్డితో సహా బకెట్టులో పెట్టి, కారు ముందు సీటులో పెట్టుకుని బయల్దేరాను. పైన గోనె కప్పాను గానీ వాటికదొక అడ్డా? సగం దారిలో చూద్దును కదా, ఒకటి గేరు పక్కన పాకుతోంది. ఇంకోటి సీటు కుట్టులో తల దూర్చి తోక ఊపుతోంది. కారు ఆపేసి దిగిపోయి, రోడ్డు మీద నిలబడి ఒళ్లంతా దులుపుకున్నాను. ఒక్కదాన్నే, పెద్దగా "ఛీ ఛీ ఛీ" అని అరుచుకుంటూ. తర్వాత ఇంకేం చేస్తాను, వచ్చి ఉత్తి చేత్తోనే వాటిని ఏరి బకెట్టులో వేశాను. చల్లగా, మెత్తగా, వేళ్ల మధ్య జారిపోతూ. ఒకటి భయపడి నా అరచేతిలో పచ్చగా కక్కింది.

మారిసెల్ తలుపు తీసి బకెట్టు చూసి నవ్వింది. "ఏంటక్కా, కేకు తెచ్చావా?"

"చూడు," అన్నాను.

గోనె తీసి చూసింది. వెనక్కి జరగలేదు. గొంతుక్కూర్చుని వేలితో మట్టిని అటూ ఇటూ కదిపింది. "మా ఊళ్లో వరిచేలకి ఇలాంటిదే పట్టేది. తెల్లారేసరికి చేను గుండు కొట్టినట్టు ఉండేది. అమ్మ బాతుల్ని తోలేది చేలోకి. ఎక్కడిదిది?"

"గట్టు బీడుది. మీకు చూపించిన దారిలోదే."

ఆమె వేలు ఆగిపోయింది. "మీ ఆయనకి తెలుసా?"

"తెలుసు."

"మేం చూడ్డానికి వచ్చినప్పుడు?"

"అంతకుముందే."

లేచి నిలబడింది. చిన్న మనిషి, నా భుజం దాకా కూడా రాదు. "నా ఇంట్లో కూర్చుని నేను చేసిన నూడుల్స్ రెండుసార్లు అడిగి వడ్డించుకున్నాడు. మా అమ్మ చేతి వంట గుర్తొస్తోంది అన్నాడు. వాళ్లమ్మ నూడుల్స్ చేసేదా అసలు?"

"చేసేది కాదు," అన్నాను.

అప్పుడే పాలు పిండి రొడెల్ వచ్చాడు. మారిసెల్ వాళ్ల భాషలో గబగబా చెప్పింది. అతను బకెట్టులోకి చూశాడు, నా వంక చూశాడు. గోనె మళ్లీ సరిగ్గా కప్పి బకెట్టు నా చేతికిచ్చాడు. "థాంక్యూ, మేడమ్." అంతకుముందు నన్ను అక్కా అనేవాడు. ఆ మేడమ్‌లో నన్నూ డూగల్‌తో కలిపి ఒకే బకెట్టులో వేసేశాడని అర్థమైంది. తప్పు పట్టలేను.

మర్నాడు పొద్దున వచ్చాడు. గేటు లోపలికి అడుగు పెట్టలేదు.

"డూగల్ గారూ, మా పెయ్యలు రావు."

"మాట ఇచ్చాక రాకపోవడమేంటి? ఎవడు చెప్పాడు నీకు?"

రొడెల్ నా పేరు చెప్పలేదు. నేల చూశాడు.

"నేనే చెప్పాను," అన్నాను మెట్ల మీంచి.

డూగల్ నా వైపు తిరిగాడు. మెడ ఎర్రబడింది. "ఎంతైనా చేపల షెడ్డులో పెరిగినదానివి. ఇంటి కంపు ఊరంతా పంచితే గానీ నిద్ర పట్టదు."

"కంపు కొట్టేది నేను కాదు," అన్నాను.

హెస్టర్ అప్పటికే కర్ర పట్టుకుని రోడ్డు మీంచి వస్తోంది. గేటు దగ్గర రొడెల్ పక్కన నిలబడింది, తమ్ముడి పక్కన కాదు. "ఒరేయ్, విను. కింద ఏటి పక్కనున్న బీడు నా వాటా. పాత గడ్డి, అందులో పురుగు పెద్దగా లేదు, నేను చూశాను. ఈ అబ్బాయి పెయ్యలు చలికాలం అందులో ఉంటాయి."

"మరి మన గొర్రెలేం తినాలి?"

"సగం మంద అమ్మెయ్. చూడి కట్టడానికి పొట్టేళ్లను ఇంకా మందలోకి వదల్లేదుగా, ఇప్పుడే అమ్మెయ్."

"నాన్న కట్టిన మంద అక్కా అది!"

"నాన్న కాపాడిన బీడు దున్నినప్పుడు గుర్తు రాలేదేం నాన్న?"

డూగల్ షెడ్డులోకి వెళ్లిపోయాడు. రొడెల్ మాత్రం హెస్టర్ మాట మీద కూడా సరే అనలేదు. ఆ వారం సెలవు రోజున సొంత పార తెచ్చుకుని, ఏటి బీడంతా ఈ కొస నుంచి ఆ కొస దాకా తవ్వి చూసుకున్నాడు. వాన పడుతున్నా ఆగలేదు. టీ తాగమంటే వద్దన్నాడు. చివరికి హెస్టర్‌తో "సరేనమ్మా" అని, నాకు తలూపి వెళ్లాడు.

గట్టు బీడు సంగతి హెస్టర్ ఊళ్లో పచ్చికల సలహాదారుని ఫోనులో అడిగింది. ఆయన ఉన్న మాట చెప్పాడు. ఈ ఏడు గడ్డి పోయినట్టే, ఆశ వదులుకోండి. పాత బీళ్లలో పురుగుకి రోగాలుంటాయి, అవే దాన్ని అదుపులో పెడతాయి. దున్నేసరికి ఆ రోగమూ పోయింది. మళ్లీ పుట్టడానికి ఏళ్లు పడుతుంది. దున్నని చోట రోగం తగిలిన పురుగులు దొరికితే ఏరి, నూరి, నీళ్లలో కలిపి చల్లి చూడండి. పనిచేస్తే మంచిదే, చేయకపోతే పోయేదేం లేదు.

ఇంటి వెనక గుర్రాల బీడు దున్నని నేల. అక్కడ నేనూ హెస్టరూ గొంతుక్కూర్చుని తవ్వాం. రోగం తగిలింది చూడగానే తెలుస్తుంది. పాలు విరిగిన రంగు వచ్చి, ఉబ్బి, కదలకుండా పడి ఉంటుంది. ముట్టుకుంటే చర్మం తడిసిన కాయితంలా చిరిగి లోపలిదంతా కారిపోతుంది. కొన్నయితే అప్పటికే బొరియలో కరిగిపోయి ఉన్నాయి, వాటిని చెంచాతో గీక్కోవలసి వచ్చింది. వంగి వంగి నడుం పడిపోయింది, ముక్కులోంచి ఆ వాసన పోలేదు. కుళ్లిన మాంసానికి కోసిన గడ్డి కలిపితే ఎలా ఉంటుందో అలా. బ్లఫ్‌లో ఎండకి వదిలేసిన ఆల్చిప్పల గుట్ట దీని ముందు మల్లెపువ్వు.

"దేంతో నూరతాం వదినా?" అన్నాను. "పాత రోలు ఒకటుంది షెడ్డులో."

"రోలెందుకు? వాడి మిక్సీ ఉందిగా."

డూగల్ రోజూ పొద్దున అందులో పాలూ అరటిపండూ వేసి తిప్పుకుని తాగుతాడు. హెస్టర్ దాన్ని షెడ్డులో బల్ల మీద పెట్టి తమ్ముణ్ణి కేకేసింది. "రా, మీట నువ్వే నొక్కు."

"నేనెందుకు?"

"దున్నింది నువ్వు కాబట్టి."

నొక్కాడు. గాజు గిన్నెలో బూడిదరంగు నురగ లేచింది, మధ్యలో గోధుమరంగు తలకాయలు గిర్రున తిరుగుతూ. మూత సరిగ్గా పెట్టలేదేమో, ఒక చుక్క ఎగిరి అతని పెదవి మీద పడింది. అంతే, బయటికి పరిగెత్తి గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. వినపడుతూనే ఉంది. హెస్టర్ ముఖం తిప్పుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు, జాలీ రాలేదు. నా చేతులు మోచేతుల దాకా ఆ జిగురే. మిగతాది నేనే నూరి, పాత గుడ్డలో వడకట్టి, డబ్బాలోకి పోశాను. మసక వానలో ముగ్గురం గట్టు మీద నడుస్తూ చల్లాం. 

సగం మంద అమ్ముడుపోయింది. జూన్ వచ్చేసరికి గట్టు బీడు నల్లగా, పొక్కులు పొక్కులుగా, కుక్కకి గజ్జి పట్టినట్టు తయారైంది. కాలు పెడితే పచ్చిక పెల్లలు పెల్లలుగా ఊడొచ్చేది. సముద్రపు పక్షులు ఇంత దూరం ఎగిరొచ్చి పురుగుల్ని పొడుచుకు తిని, అరుచుకుంటూ కొట్టుకునేవి. కింద ఏటి బీడులో రొడెల్ పెయ్యలు కడుపులు నింపుకుని పడుకునేవి. రోజూ పొద్దున వాటికి కొత్త గడ్డి అందేలా కంచె జరిపే పని డూగల్ తనంతట తానే పెట్టుకున్నాడు. నేను వేరే గదిలో పడుకునేదాన్ని. వంట చేసేదాన్ని, వడ్డించేదాన్ని, అతను తినేటప్పుడు అక్కడ కూర్చునేదాన్ని కాదు.

ఒకరోజు రొడెల్ పెయ్యల్ని చూసుకోవడానికి వచ్చినప్పుడు నేను ఏటి దగ్గర గేటుకి గొళ్లెం బిగిస్తున్నాను. కంచె అవతల అతను, ఇవతల డూగల్. చలికి ఇద్దరి నోటి వెంటా పొగలు.

"తప్పు చేశాను రొడెల్," అన్నాడు డూగల్.

రొడెల్ ఒక పెయ్య వీపు నిమురుతున్నాడు. తల ఎత్తకుండా అడిగాడు. "మీ ఆవిడ రాకపోయుంటే మీరు వచ్చి చెప్పేవారా?"

చెప్పేవాణ్ణే అంటాడనుకున్నాను. అంటే అక్కడికక్కడ వాంతి చేసుకునేదాన్నేమో.

డూగల్ కంచె తీగ పట్టుకున్నాడు. "లేదు," అన్నాడు. "చెప్పేవాణ్ణి కాదు."

రొడెల్ అప్పుడు తలెత్తి చూశాడు. చెయ్యి చాపలేదు. "ఆ మూల తీగ వదులైంది, బిగించాలి," అన్నాడు. ఇద్దరూ అటు నడిచారు.

ఆగస్టులో పెయ్యలన్నీ క్షేమంగా ఈనాయి. మారిసెల్ హెస్టర్‌కి జున్ను పాలు పంపింది. నాకు కూడా ఒక సీసా పంపింది. డూగల్‌కి పంపలేదు.

గట్టు బీడుని మళ్లీ దున్నలేదు. ఉన్న మట్టి మీదే గింజలు చల్లించాడు. ఆ ఎండాకాలం మందు వేళకి కొట్టాడు, కానీ అంతా కొట్టొద్దంది హెస్టర్. ఒక పట్టీ నేలని మందు లేకుండా వదిలేయించింది, రోగం బతకడానికి. తర్వాతి మార్చిలో నేనూ ఆవిడా ఆ పట్టీలో తవ్వాం. పురుగుంది. చాలా ఉంది. కానీ నాలుగు పెల్లలు తిప్పితే ఒక పెల్లలో పాలరంగు తిరిగినవి కనపడ్డాయి. ఒకటి నా గోరు తగలగానే పగిలి కారింది. హెస్టర్ "రోగం పట్టుకుందే!" అని నా వీపు మీద చరిచింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెబితే డూగల్ "చూపించు" అన్నాడు. దోసిట్లో పట్టుకొచ్చిన పెల్లను వరండాలో విప్పి చూపించాను. మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఇప్పుడు నీకు రోత అనిపించడం లేదా?" అని అడిగాడు.

"పురుగు మీద పోయింది," అన్నాను.

డూగల్ లేచాడు. పెల్ల తీసుకుని గట్టెక్కాడు, తెచ్చిన చోటే పెట్టి రావడానికి. నేను లోపలికెళ్లి అన్నం పొయ్యి మీద పెట్టాను. అతను వచ్చాక, ఏడాది తర్వాత, బల్ల దగ్గర అతనికి ఎదురుగా కూర్చున్నాను. అతను తల వంచుకుని తిన్నాడు. నేను నా కంచం వంక చూసుకుంటూ తిన్నాను.